తొమ్మిదో దరువు

ఇందుమతి పరిశోధన ఆఖరి నెలలో చెడింది. ఏ దరువు వింటే మనిషికి ఆడాలనిపిస్తుందో తేల్చడం ఆమె పని. గురువు దానియేలు వాయించిన పది డప్పు దరువులను రికార్డు చేసి, పేర్లు వదిలేసి అంకెలు వేసి, అరవై మంది విద్యార్థులకు వినిపించింది. ఎంత ఆడాలనిపించిందో ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వేయమంది. తొమ్మిదో దరువుకు నలభై ఎనిమిది మంది ఆరూ ఏడూ వేశారు. మిగతా పన్నెండు మంది ఒకటి వేసి ఊరుకున్నారు. చిత్రమేమిటంటే, డప్పు మోగే పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఆ పన్నెండు మందే.

"ఆ పన్నెండు మందికీ తాళజ్ఞానం లేదని రాసి తీసేయ్. నెలాఖరుకి సమర్పించు," అన్నాడు ప్రొఫెసరు.

తీసేసే ముందు ఆమె గురువు దగ్గరికి వెళ్ళింది. "మాస్టారూ, చెవి లేనివాళ్ళను లెక్కలోంచి తీసేస్తే తప్పా?"

దానియేలుకు నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. ఫోనులో ఆ దరువు విన్నాడు. గడ్డి మంట మీద డప్పు కాచి ఆమె చేతికిచ్చాడు.

"ఇది వీధిలో నిలబడి కొట్టు."

ఆయన నేర్పింది కాదది. పరీక్షల కోసం వినీ వినీ ఆమెకే పట్టుబడింది. మిట్టమధ్యాహ్నం వీధిలో నిలబడి కొట్టింది. బాగానే కొట్టింది.

ఎదురింట్లో కుట్టుమిషను ఆగింది. అన్నం తింటున్న ఒకాయన ఎంగిలిచేత్తోనే బయటికొచ్చి తలగుడ్డ తీశాడు. పక్కింటి రత్తమ్మ జుట్టుముడి ఊడిపోతున్నా పరుగెత్తుకొచ్చి దానియేలు చొక్కా పట్టుకుంది.

"ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందా? మా తమ్ముడేనా? చెప్పరా!"

ఇందుమతి చేతిలో పుల్ల ఆగిపోయింది. అది శవం వెంట నడిచే దరువు. రికార్డు చేసిన రోజు ఆయన దాని పేరు చెప్పే వాయించాడు. ఆమె రాసుకున్నది అంకె.

"ఎవరూ పోలేదక్కా. తప్పు నాది," అన్నాడు దానియేలు.

"నీ చేతులు పడిపోను! ముసలాడివయ్యావు, ఇదేం ఆటరా!" రత్తమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆయన ఆమెకు మంచినీళ్ళిచ్చి, ఆమె తాగేదాకా ఆగి, శిష్యురాలి వైపు తిరిగాడు.

"వీళ్ళనడుగమ్మా. ఎంత ఆడాలనిపించిందో."

ఇందుమతి అడగలేకపోయింది. ఆ సాయంత్రమే ప్రొఫెసరుకు ఉత్తరం రాసింది: పన్నెండు మందినీ తీయను, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఏం విన్నారో తెలుసుకుంటాను. ఆయన మండిపడ్డాడు. డిగ్రీ ఏడాదిన్నర ఆలస్యమైంది. ఆమె ఒక్కరినీ తీయలేదు.