పైడమ్మ వట్టి చుట్లు

అనగనగా, చలికి కాకులు కూడా ఆలస్యంగా లేచే మంచుకొండ రాజ్యంలో ఒక సాముగరిడీ ఉండేది. అక్కడ మగపిల్లలు కర్రసాము నేర్చుకునేవారు. వాళ్ల కాళ్లు పట్టేస్తే రాయడానికి గానుగ ఆడించే పైడమ్మ నూనె తెచ్చి పోసేది. పోసినప్పుడల్లా గోడవార నిలబడి చూసి చూసి తానూ సాము నేర్చుకుంది. తన పెరట్లో ఇరవై మంది ఆడపిల్లలకు నేర్పింది కూడా.

ఒకనాడు ఆమె రాణిగారి దగ్గరికి వెళ్లి, "గరిడీలో మా పిల్లలకూ చోటు ఇప్పించండమ్మా" అని అడిగింది.

అక్కడే ఉన్న, గరిడీలో విద్య నేర్పే ఒజ్జ భీమన్న మీసం దువ్వాడు. "ఈమెను నా శిష్యులు ముగ్గురిని గెలవమనండి, ఇస్తాను. ఒక్కరి చేతిలో ఓడినా గరిడీ గడప మాట మళ్లీ ఎత్తకూడదు."

"రేపు పొద్దున్నే" అంది రాణి.

మర్నాడు ఎముకలు కొరికే చలి. శిష్యులు కంబళ్లు కప్పుకుని కూర్చున్నారు. పైడమ్మ కొంగు బిగించి బరి చుట్టూ నడిచింది. మొదటి చుట్టు మెల్లగా, రెండోది వడిగా, మూడోది భుజాలు తిప్పుతూ చిన్న పరుగుతో.

"ఏమక్కా, ఇది గానుగ అనుకున్నావా?" అన్నాడొకడు.

"అవును తమ్ముడూ. గింజలు పోయకముందు మా ఎద్దును మూడు వట్టి చుట్లు తిప్పుతాను. చల్లటి ఒంటితో బరువు లాగిస్తే కాలు పట్టేస్తుంది."

"మేం ఎడ్లం కాదు, వీరులం."

వీరుల ఒళ్లు పుట్టుకతోనే వేడెక్కి ఉంటుందని ఆ గరిడీలో గట్టి నమ్మకం. మీసాలకు రోజూ నూనె పట్టించేవారు గాని, కీళ్ల సంగతి ఎవరికీ పట్టేది కాదు.

మొదటివాడు కంబళి విసిరేసి ఒక్క గెంతు గెంతాడు. పిక్క పట్టేసింది. కూలబడినవాడు మళ్లీ లేవలేదు.

రెండోవాడు కర్రెత్తి బలంగా విసిరాడు. పైడమ్మ పక్కకు తప్పుకుంది. వాడి భుజం కలుక్కుమంది, కర్ర జారింది.

మూడోవాడు ఒజ్జ కొడుకు సింగన్న, అందరిలోకీ నేర్పరి. "తలపాగా చుట్టుకుని వస్తాను, అక్కడే నిలబడు" అని కంబళిలోనే ఉండిపోయాడు. నిలబెడితే ఆమె ఒళ్లు చల్లబడుతుందని అతని ఎత్తు.

పైడమ్మ వేళ్లు నిజంగానే కొంకర్లు పోసాగాయి. గోడ మీదుగా ఆడపిల్లల తలలు ఇరవై తనకేసే చూస్తున్నాయి. నలుగురూ నవ్వుతారని ఆగితే వాళ్ల దారి మూసుకుపోతుంది. ఆమె మళ్లీ నడిచింది. నాలుగో చుట్టు, అయిదో చుట్టు, తొమ్మిదో చుట్టు. జనం నవ్వుతూనే ఉన్నారు. తలపాగా ఎంతసేపని చుడతాడు?

సింగన్న లేచాడు. మొదటి దెబ్బ మెరుపులా వేశాడు. రెండో దెబ్బకు బిగుసుకున్న నడుము తిరగలేదు. పైడమ్మ కర్ర గిర్రున తిరిగి అతని కర్రను గోడ అవతలికి ఎగరగొట్టింది.

నవ్వులు ఆగాయి. భీమన్న బరిలోకి దిగి పైడమ్మ ముందుకు వచ్చాడు.

"ఇన్నేళ్లుగా పట్టేసిన కాళ్లకు నీ నూనె రాయిస్తున్నాను తల్లీ" అన్నాడు. "ఎందుకు పట్టేస్తున్నాయో నిన్ను ఒక్కసారీ అడగలేదు."

మర్నాడు గరిడీ తలుపు తెరుచుకుంది. ఇరవై మంది ఆడపిల్లలు వట్టి చుట్లు మొదలుపెట్టారు. వాళ్ల వెనక శిష్యులు కుంటుకుంటూ. అందరికన్నా వెనక, మీసం దువ్వడం మరిచిపోయిన ఒజ్జ.

కాబట్టి పిల్లలూ, విద్య ఎంత వచ్చినా సరే, ఒంటిని ముందు మేలుకొలిపాకే దాన్ని పనికి పిలవాలి.