చేప రెప్పలు నీళ్ళలో కలిసిన కథ

ఒకప్పుడు, చేపలకు కూడా మనలాగే కంటిరెప్పలు ఉన్న కాలంలో, నూకరత్నం అనే అమ్మాయి గాజుతొట్టిలో ఒక ఎర్రచేపను పెంచుకునేది. దాని పేరు కెంపి.

కెంపి తొట్టి అడుగున రాయి మీద గుడ్లు పెట్టింది. నూకరత్నం మురిసిపోయింది. "బాలింతవి, బాగా తినాలి" అంటూ గుప్పిళ్ళకొద్దీ తవుడు వేసింది. కెంపి తిన్నంత తిన్నది. మిగిలిందంతా ఇసుకలోకి దిగి కుళ్ళింది.

ఆ కుళ్ళులో దారపు పోగుల్లాంటి తెల్లటి పురుగులు పుట్టాయి.

ఒక మధ్యాహ్నం కెంపి కునుకు తీసి లేచింది. చూస్తే రాతికి ఒక పక్కన గుడ్లు లేవు. జిగురు మాత్రం ఉంది.

"ఎవరక్కడ?" అంది.

"మేమే" అన్నాయి ఇసుకలోంచి సన్నటి గొంతులు. "నువ్వు చూస్తుంటే మేం పైకి రాం. కళ్ళు మూసుకుంటే వస్తాం. ఎప్పుడో ఒకప్పుడు మూసుకుంటావుగా."

కెంపి గబగబా పైకొచ్చి నూకరత్నంతో చెప్పింది. ఆమె తొంగి చూసింది. ఇసుకంతా మెల్లగా కదులుతోంది. పరుగున వెళ్ళి ఉప్పు తెచ్చింది.

"పోయకమ్మా" అన్నాయి తొట్టిలో నీళ్ళు. "ఉప్పుకి గుడ్లు కూడా చచ్చిపోతాయి. ముందు ఆ కుళ్ళు తీసెయ్యి. తిండి దొరక్కపోతే పురుగులు వాటంతట అవే తగ్గిపోతాయి."

నూకరత్నం గొట్టంతో ఇసుకలోని మురికి లాగేసింది. కొత్తనీళ్ళు కొంచెం కొంచెంగా పోసింది. తవుడు చిటికెడే వేసింది. చాలా పురుగులు పోయాయి. మిగిలినవి ఆకలికి తెగించి రాయి చుట్టూ ఇసుకలో చేరాయి.

"జోజో కెంపీ, అలిసిపోయావు, పడుకో" అని జోల పాడాయి.

కెంపి రెప్పలు బరువెక్కాయి. ఒకసారి వాలాయి. ఉలిక్కిపడి తెరిచేసరికి ఒక పురుగు గుడ్డును తాకుతోంది.

"నీళ్ళమ్మా, నా రెప్పలు కరిగించెయ్" అంది కెంపి.

"కరిగిపోతే రెప్పలు మళ్ళీ రావు పిల్లా" అన్నాయి నీళ్ళు.

"గుడ్లు పోయినా మళ్ళీ రావు."

నీళ్ళు కెంపి కళ్ళ చుట్టూ మెత్తగా తిరిగాయి. రెప్పలు మెల్లగా కరిగిపోయాయి.

పురుగులు తలెత్తి చూశాయి. రెండు గుండ్రటి కళ్ళు, రెప్ప అన్నది లేకుండా, తమనే చూస్తున్నాయి. భయపడి ఇసుకలోకి దూరిపోయాయి. కొన్నాళ్ళకి గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. వాటికీ రెప్పలు లేవు.

అప్పటినుంచే చేపలు కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్నాయి. పైనున్న చేప నిద్రపోతోందో, తమనే చూస్తోందో, ఇసుకలోని పురుగులకు ఈనాటికీ తెలియదు.