పాపాలు తినే టుడుర్

బ్రిటన్ దీవిలో, పడమటి కొండల నడుమ, వెనకటికి ఒక చిన్న రాజ్యం ఉండేది. అక్కడ ఎవరైనా చనిపోతే శవం గుండెల మీద ఒక రొట్టె పెట్టి, టుడుర్‌కు కబురు చేసేవారు. అతను వచ్చి ఆ రొట్టె తినేవాడు. దాంతో పోయినవాళ్ళ పాపాలన్నీ టుడుర్‌కు చేరతాయనీ, వాళ్ళు నిశ్చింతగా స్వర్గానికి వెళతారనీ ఆ దేశస్థుల నమ్మకం.

టుడుర్ ముప్ఫై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నాడు. రొట్టె తినేదాకా "రావయ్యా, రా" అనేవారు. తిన్నాక ఒక్కరూ అతని మొహం చూసేవారు కాదు. దారిలో ఎదురైతే పక్కకు తప్పుకునేవారు. ఊరికి దూరంగా, కొండవాలులో ఒక గుడిసె అతనిది. భార్య పోయిననాడు ఆవిడ గుండెల మీది రొట్టె కూడా తనే తిన్నాడు. తినడానికి మరెవరున్నారు గనక! ఆ తరవాత గుడిసెలో అతనితో మాట్లాడే మనిషి లేడు. వారాల తరబడి తన గొంతు తనకే వినపడేది కాదు.

అలా ఉండగా కినాన్ అనే యువరాజు గద్దెనెక్కాడు. గొప్పలంటే చెవి కోసుకుంటాడు. "మా రాజ్యంలో పాపమన్నదే లేదు" అని చాటింపు వేయించాడు. పట్టాభిషేకం విందుకు పొరుగు రాజులను పిలిచి, వాళ్ళ ఎదుటే టుడుర్‌ను రప్పించాడు.

"పాపమే లేని దేశంలో పాపాలు తినేవాడితో ఏం పని? సాయంత్రంలోగా పొలిమేర దాటిపో" అన్నాడు.

టుడుర్ చేతులు కట్టుకున్నాడు. "చిత్తం ప్రభూ. కానీ పని మానేముందు, తిన్న పాపాలు ఎవరివి వాళ్ళ వారసులకు అప్పగించాలి. ఎంతసేపో పట్టదు. తలా ఒక రొట్టె ముక్క తింటే చాలు."

విందులో ఉన్న మంత్రులు నమలడం ఆపేశారు.

టుడుర్ బల్ల మీది రొట్టె తుంచి రాజు ముందుకు చాపాడు. "ముందు తమరే. తమ తండ్రిగారికి ఒక్క రొట్టె సరిపోలేదు ప్రభూ. మూడు తినవలసి వచ్చింది."

రాజు మొహం కందగడ్డ అయింది. "నేను తినను!"

"భయమెందుకు ప్రభూ? పాపమే లేదని తమరే చాటించారుగా. లేనిది తమకెలా అంటుకుంటుంది? ఒకవేళ అంటుకుంటుందంటారా, అయితే నాకు ఇక్కడ ఇంకా పని ఉన్నట్టే."

తింటే తండ్రి పాపాలు నెత్తిన పడతాయి. తినకపోతే చాటింపు అబద్ధమవుతుంది. రాజు ఆ ముక్క వంక చూశాడు, అతిథుల వంక చూశాడు. పొరుగు రాజొకడు నవ్వాపుకోలేక గడ్డం తుడుచుకుంటున్నాడు. ఉన్నట్టుండి కినాన్‌కే నవ్వు ముంచుకొచ్చింది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"గెలిచావయ్యా! ఇక్కడే ఉండు. ఏం కావాలో కోరుకో."

టుడుర్ చేతిలోని రొట్టె ముక్క బల్ల మీద పెట్టాడు. "ఎవరైనా నా ఎదురుగా కూర్చుని ఒక్క పూట భోంచేస్తే చాలు ప్రభూ. మధ్యలో శవం లేకుండా."

సభలో నవ్వులు ఆగిపోయాయి. రాజు అటూ ఇటూ చూశాడు. ఒక్కరూ లేవలేదు. మంత్రులు తమ పళ్ళేలను తమ దగ్గరికి లాక్కున్నారు. అప్పుడు కినాన్ తనే సింహాసనం దిగి, వంటశాల పక్కనున్న చిన్న బల్ల దగ్గర టుడుర్‌ను కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చున్నాడు.

ఇద్దరి ముందూ వేడి పులుసు పెట్టారు. రాజు, "కొండ మీద చలి ఎక్కువేనా?" అని అడిగాడు.

"ఎక్కువే ప్రభూ" అన్నాడు టుడుర్. చలి గురించి చెప్పాడు. పొగమంచులో దారి తప్పిన రోజు గురించి చెప్పాడు. భార్య ఎలా పాడేదో చెప్పాడు. ఎదుట పులుసు చల్లారిపోతూనే ఉంది. మాటల్లో పడి టుడుర్ తినడమే మరిచిపోయాడు.