పల్లకీ కింద విభూతి

"స్వామీ, మన సేవను దేవుడు మెచ్చాడని తెలిసేదెలా?" అని అడిగాడు శరభయ్య. తెలియక అడగలేదండీ, మెచ్చాడని చెప్పించుకోవడానికే అడిగాడు. శ్రీశైలం నుంచి అప్పుడే మఠానికి తిరిగొచ్చిన గురువు సిద్ధలింగస్వామి ఇంకా కాళ్లయినా కడుక్కోలేదు.

శిష్యుడి గర్వానికి కారణం ఉంది. ఉత్సవ పల్లకీ మోయడానికి కొత్త వెదురు కావలసి వచ్చింది. కొట్టిన వెదురును వాగులో నానేసి, దానిలోని తీపి పోయాకే వాడడం ఆ ఊరి అలవాటు. గేదెలు పొర్లే నీళ్లలో దేవుడి వెదురును పడేయడానికి శరభయ్యకు చేతులు రాలేదు. పాలతో కడిగి, పసుపు పూసి పల్లకీకి బిగించాడు. కొన్నాళ్లకు, రోజూ తెల్లవారేసరికల్లా దాని కింద తెల్లగా, మెత్తగా, జల్లించినట్టు పొడి. విభూతి రాలుతోందన్నాడు. ఊరంతా నుదుట పెట్టుకుంది. అక్కడుంటే మీరూ నేనూ పెట్టుకునేవాళ్లమే.

ఆ సాయంత్రమే ఉత్సవం. శివలింగాన్ని ఒళ్లో పెట్టుకుని గురువు పల్లకీలో కూర్చుంటే, బోయీలు కొండమెట్ల మీదుగా కిందికి మోసుకెళ్లాలి. మేళం మొదలైంది. గురువు మాత్రం ఎక్కలేదు. నేలమీది పొడిని వేళ్ల మధ్య నలిపి చూసి, వెదురును చూపించాడు. "ఇక్కడ బొటనవేలితో నొక్కు నాయనా."

శరభయ్య నొక్కాడు. వేలు కణుపు దాకా దిగబడిపోయింది. బస్తా చిరిగినట్టు ఆ కన్నంలోంచి పొడి బొలబొలా జారింది. దాని వెనకే, వెదురులో పోని తీపికి చేరిన నువ్వుగింజంత గోధుమరంగు పురుగొకటి పాకుతూ వచ్చి అతని గోటి మీద ఆగింది. సన్నాయి ఊదేవాడు ఊదడం మరిచాడు.

పూలమ్మే బసమ్మ కొంగుతో నుదురు తుడుచుకుంది. "జ్వరంతో ఉన్న నా మనవడి నాలుక మీద నిన్న నువ్వే రాశావు కదయ్యా. పురుగు తొలిచి పోసిన పొట్టేనా అది?"

శరభయ్య ఆమెను చూడలేకపోయాడు. కొండమెట్ల వైపు చూశాడు. ఆ వెదురు, దాని మీద లింగం, ముసలి గురువు, కింద బోయీల మెడలు. మెట్ల మధ్యలో అది విరిగి ఉంటే!

"ఇంత ప్రేమగా చేశానే స్వామీ," అన్నాడు. "దేవుడు ఒక్క మాటైనా చెప్పలేదే."

గురువు అతని గోటి మీది పురుగును మెల్లగా నేలకు దించాడు.

"రోజూ తెల్లవారగానే చెప్పాడు నాయనా. నువ్వు నుదుట పెట్టుకున్నావు."