రంజాన్ మర్నాటి సొర గింజలు

సూఫీ గురువు బుడన్ షా గారి ఆశ్రమం ఖాన్‌ఖాలో దారిన పోయే ఫకీర్లకీ బాటసార్లకీ రోజూ ఒక పూట అన్నం పెట్టేవారు. అందులోకి కూర పండించే పని శిష్యుడు మౌలాలిది.

మౌలాలి ఒకటి పట్టుకుంటే వదిలే రకం కాదు. వచ్చిన ఏడు రంజాన్ పండుగ మర్నాడు సొర గింజలు పెట్టాడు. ఆ వారమే తొలకరి పడింది. పాదు పాక మీదికెక్కి విరగకాసింది. ఇంతకంటే మంచిరోజు ఉండదని తీర్మానించుకుని ఏటా ఆ రోజే గింజ పెట్టసాగాడు. సూర్యుడి నడకను బట్టి వచ్చే మృగశిర కార్తె దాకా ఆగవయ్యా అని పక్క పొలం రైతులు నెత్తీ నోరూ బాదుకున్నారు. మీ కార్తెలు మీవి, మాకు నెలవంక చాలు అనేశాడు.

నెలవంక లెక్కన పండుగ ఏటా కొన్నాళ్లు ముందుకు జరుగుతుంది. దాని వెంటే మౌలాలీ జరిగాడు. రెండో ఏడు కాపు పలచబడింది. మూడో ఏడు మొలకలు ఎండకు మాడిపోయాయి. ఈసారి పండుగ నడివేసవిలోనే వచ్చింది. కుండలో గుప్పెడు విత్తనం మిగిలింది. అదీ పోతే ఆకలితో వచ్చినవాళ్లకు ఉత్త అన్నమే గతి.

మౌలాలికి ఏడుపొచ్చింది. గింజలు గుప్పిట పట్టుకుని గురువు దగ్గరికి వెళ్లాడు.

"హజ్రత్, నా ఉపవాసాల్లోనే ఏదో లోపం ఉంది. లేకపోతే అదే రోజున పెట్టిన గింజ ఎందుకు చస్తుంది?"

బుడన్ షా నవ్వి లేచారు. అతన్ని మడిలోకి తీసుకొచ్చి, తన చేతికర్ర నేలలో నిలువుగా గుచ్చారు.

"పొద్దువాలే వేళ చేసే అసర్ నమాజుకు సమయమైందేమో చూడు నాయనా."

మౌలాలికి అది చిటికెలో పని. కర్ర నీడ వెంట అడుగులేసి కొలిచాడు. ఇంకాసేపు ఆగాలన్నాడు.

"ఆగమని ఎవరు చెప్పారు?"

"సూర్యుడే కదా, హజ్రత్."

"పండుగ ఎప్పుడో?"

"నెలవంక చెప్పింది."

బుడన్ షా కర్ర పెరికి మట్టి దులుపుకున్నారు.

"ఇద్దరూ అల్లా నౌకర్లే. నువ్వే ఒకరి పని ఇంకొకరికి చెబుతున్నావు."

మౌలాలి గింజలు తిరిగి కుండలో పోసి మూత పెట్టాడు. తొలకరి దాకా ఆ మూత తీయలేదు.