బూదిగాడి గడువు

అనగా అనగా, మనుషులకంటే గొర్రెలే ఎక్కువగా ఉన్న ఒక రాజ్యం. ఆ రాజ్యంలో రణమల్లుడనే కుక్కల శిక్షకుడు ఉండేవాడు. కోట పక్కనే అతడి శాల. కుక్కలు అక్కడే తిని, అక్కడే పడుకుని, అక్కడే విద్య నేర్చుకునేవి.

"ఏ కుక్కైనా సరే! ఈ పున్నమికి అప్పగించండి, వచ్చే పున్నమికి తీసుకుపొండి!" అని ఊరూరా చాటింపు వేయించేవాడు.

ఒక పున్నమినాడు మూడు కుక్కలు వచ్చాయి. మొదటిది రాజుగారి వేటకుక్క మెరుపు. చెప్పింది చెప్పగానే పట్టేసే రకం. రెండోది నూనె వర్తకుడు కామిశెట్టి కాపలాకుక్క సింగడు. తిండి చూస్తే ఒళ్ళు మరిచే రకం. మూడోది గొర్రెలు కాసుకునే ఈరమ్మ మందకుక్క బూదిగాడు.

బూదిగాణ్ణి పిల్లగా ఉన్నప్పుడు ఎవరో కొట్టి పారేస్తే, ఈరమ్మ ఎత్తుకొచ్చి గొర్రెపాలు పట్టి బతికించింది. అప్పటినుంచీ దానికి అందరన్నా భయమే. ఉప్పు అమ్మేవాడు దారిన పోయినా మొరుగుతుంది. ఆకు కదిలినా మొరుగుతుంది.

"అయ్యా, ఎవరిని చూసి మొరగాలో, ఎవరిని పోనివ్వాలో దీనికి తెలియదు. అది నేర్పితే చాలు. బెదురు జాస్తి, కాస్త నిదానంగా చూడు" అంది ఈరమ్మ.

"నా దగ్గర అన్నిటికీ ఒకటే గడువు" అన్నాడు రణమల్లుడు.

మెరుపు ఆడుతూ పాడుతూ నేర్చుకుంది. సింగడికి సగం విద్యే వచ్చింది. బూదిగాడు మూల వదల్లేదు. పున్నమి దగ్గరపడింది. మాట పోతుందని రణమల్లుడు కర్ర తీశాడు. మొరిగితే దెబ్బ. మూలిగినా దెబ్బ.

పున్నమినాడు మూడు కుక్కలూ మెడలో బంతిపూల దండలతో బయటికొచ్చాయి. కూర్చోమంటే కూర్చున్నాయి. లెమ్మంటే లేచాయి. జనం చప్పట్లు కొట్టారు. ఈరమ్మ మాత్రం బూదిగాడి తోక చూసింది. అది కాళ్ళ మధ్యనుంచి బయటికి రాలేదు.

కొన్నాళ్ళకు కామిశెట్టి కొట్లో దొంగ పడ్డాడు. కర్ర ఎత్తి "కూర్చో" అన్నాడు. సింగడు బుద్ధిగా కూర్చుంది. దొంగ నూనె కుండలు మోసుకుపోయాడు. ఊరంతా నవ్వుకుంది.

ఈరమ్మకు నవ్వు రాలేదు. ఆ పొద్దు వాలేవేళ ఆమె నీళ్ళకు వెళ్ళింది. మంద పక్కన గొంగడి మీద ఆమె కూతురు పోలి నిద్రపోతోంది. తోడేలు వచ్చింది. బూదిగాడు చూసింది. నోరు తెరిచింది. మొరగలేదు. నేలకు అతుక్కుపోయి వణికింది.

అప్పుడే తిరిగొచ్చిన ఈరమ్మ కుండ విసిరికొట్టి కేక పెట్టింది. తోడేలు గొంగడి అంచు చించుకుని పారిపోయింది. గొంగడి బదులు... ఆ తల్లి ఆ మాట చివరిదాకా తలచుకోలేకపోయింది.

మర్నాడు ఆమె బూదిగాణ్ణి వెంటబెట్టుకుని సభకు వెళ్ళింది. చిరిగిన గొంగడి రాజుగారి ముందు పరిచింది.

"ఏమిటిది తల్లీ?"

"నా బిడ్డ పడుకున్న గొంగడి, ఏలికా" అని జరిగింది చెప్పింది.

రణమల్లుడు నవ్వాడు. "ఏమ్మా, మొరుగుతోందని తెచ్చి అప్పగించిందీ నువ్వే, మొరగలేదని ఏడుస్తున్నదీ నువ్వేనా?"

సభ ఘొల్లుమంది.

"ఎవరిని చూసి మొరగాలో నేర్పమన్నాను. గొంతు నులిమెయ్యమన్నానా?"

ఈరమ్మ రణమల్లుడి చేతిలోని కర్రను చూపించింది.

"ఆ కర్ర కింద పెట్టి దీన్ని పిలువు."

రాజు మిగతా రెండు కుక్కల్నీ రప్పించాడు. రణమల్లుడు వట్టి చేతులతో పిలిచాడు. మెరుపు తోక ఊపుతూ వచ్చింది. సింగడు అతడి చేతులు వాసన చూసి, తిండి లేదని తెలిసి వెనుదిరిగింది. బూదిగాడు పాక్కుంటూ వచ్చి, అతడి పాదాల దగ్గర భయంతో ఉచ్చపోసుకుంది.

"మూడింటికీ ఒకే గడువేమిటయ్యా?" అన్నాడు రాజు.

"వచ్చిన ప్రతివాళ్ళూ ఎన్నాళ్ళని అడుగుతారు ప్రభూ! ఏదో ఒకటి చెప్పాలి కదా!"

"తెలియదని చెప్పడానికి నోరు రాలేదా?" అంది ఈరమ్మ.

రాజు తీర్పు చెప్పాడు. "శాలకు తాళం వెయ్యండి. రణమల్లా, నువ్వు ఈమె మంద దగ్గరే ఉండు. బూదిగాడికి విద్య వచ్చాకే కదులు."

"ఎన్నాళ్ళు ప్రభూ?"

"నన్నడుగుతావేం? కుక్కనడుగు."

తొలకరి పడింది. "అయిందా ఈరమ్మా?" అన్నాడు రణమల్లుడు. అతడి అలికిడికే బూదిగాడు ఆమె వెనక దాక్కుంది. గొర్రెల బొచ్చు కత్తిరించే రోజులు వచ్చాయి. "ఇప్పుడైనా అయిందా?" అతడు విసిరిన రొట్టెముక్క నోట కరుచుకుని బూదిగాడు దూరంగా పోయింది. చలికాలం వెళ్ళిపోయింది. ఈసారి అతడు అడగలేదు. బూదిగాడికి కాస్త దూరంలో ఊరికే కూర్చున్నాడు.

ఒకనాటి ఉదయం ఓ గొర్రెపిల్ల అతడి తలపాగా నమిలింది. పాత అలవాటు! చేతికందిన కర్ర ఎత్తాడు.

భౌ!

కొండ మారుమోగింది. బూదిగాడు గొర్రెపిల్లకు అడ్డంగా నిలబడి, గొంతు చించుకుని మొరుగుతోంది. తోక నిటారుగా లేచి ఉంది.

రణమల్లుడి చేతిలోంచి కర్ర జారిపడింది. మొరుగుడు ఆగింది. బూదిగాడు మెల్లగా వచ్చి, ఆ వట్టి చేతిని వాసన చూసింది.

ఈరమ్మ పోలిని దగ్గరకు లాక్కుంది. "ఎవరిని చూసి మొరగాలో దానికి తెలిసింది. ఎప్పుడు ఆపాలో కూడా తెలిసింది. ఇక నువ్వు వెళ్ళొచ్చు."

నేర్చుకునే ప్రాణి ఏదైనా దాని గడువు దానిదే. తొందరపడి భయపెట్టేవాడు నేర్పేది విద్య కాదు, వణుకు.