తాబేలు తాత చెవిలో మాట

అనగనగా, రాళ్ళు ఎక్కువా గడ్డి తక్కువా ఉన్న ఒక అడవి. మేత కోసం దూరం పోయే కుందేలు తల్లులు పిల్లల్ని కొండ బొరియల్లో దాచి వెళ్ళేవారు. ప్రతి బొరియకూ ఒక రాయి అడ్డం. ఆ రాళ్ళన్నిటికీ కాపలా ఒక ముసలి తాబేలు.

తాబేలు తాతకు చూపు లేదు. అందుకని ప్రతి తల్లీ ఒక రహస్యపు మాట పెట్టుకుని, తిరిగొచ్చాక అతని చెవిలో గుసగుసగా చెప్పేది. మాట సరిపోతే తాత రాయి జరిపేవాడు. ఎవరు చెప్పారన్నది ఆయనకు తెలిసేది కాదు. గుసగుసలో అందరి గొంతూ ఒకటే కదా! మూడుసార్లు తప్పు చెబితే మాత్రం ఆ పూటకు ఇక రాయి జరిగేది కాదు.

కోమలి అనే కుందేలుకు ఇద్దరు పిల్లలు. మూడో పిల్ల పాలకంకి పోయిన వానల్లో వరదకు కొట్టుకుపోయింది. రోజుకొక్కసారైనా ఆ పేరు పలకొచ్చని, దాన్నే తన మాటగా పెట్టుకుంది కోమలి. పాపం, తల్లి మనసు! ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు.

ఆ పిల్లల మీద ఒక నక్క కన్ను పడింది.

మొదట అది ఒక పొద్దున కోమలి బొరియ దగ్గరికొచ్చి, నోటికొచ్చిన మాటలన్నీ తాత చెవిలో ఊదింది.

"గరిక!"

"తప్పు."

"చందమామ!"

"తప్పు."

"అమ్మ!"

"తప్పు. ఈ పూటకిక చాలు."

అలాంటి మాటలు పెట్టుకునే తల్లులు లేకపోలేదు. కోమలి అలా పెట్టుకోలేదు, అంతే. సాయంత్రం ఆమె వచ్చి తన మాట చెప్పగానే, "జాగ్రత్తమ్మా, ఎవరో నీ మాట కోసం తిరుగుతున్నారు" అన్నాడు తాత.

మర్నాడు ఆమె మేస్తుంటే పొద వెనక నుంచి బొంగురు గొంతు వినిపించింది.

"సింహరాజుగారి ఆజ్ఞ! నీ మాట కొలువులో అప్పజెప్పాలి. లేదా ఈ పూటే నీ బొరియ పూడ్చేస్తాం!"

కోమలికి భయం వేసింది. అయినా, "తాత చెవిలో తప్ప ఇంకెక్కడా చెప్పనయ్యా" అంది.

నక్క ఆలోచనలో పడింది. తల్లి దాచుకునే మాట బిడ్డల చుట్టూనే తిరుగుతుందని దానికి తోచింది. ఆ మర్నాడు అదే పొద వెనక ఒక ఆడగొంతు వెక్కి వెక్కి ఏడ్చింది.

"నా బిడ్డ వరదలో పోయిందమ్మా!"

"ఊరుకో అక్కా, నాదీ అలాగే పోయింది" అంది కోమలి, తనూ కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"ఏమని పిలుచుకునేదానివి తల్లీ?"

"పాలకంకి."

ఏడుపు టక్కున ఆగిపోయింది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడుపు అలా ఆగదు. కోమలికి అది తెలుసు. తన మాట దొంగకు చిక్కిందని గ్రహించింది. నక్క ముళ్ళపొదల్ని చుట్టి పరుగెడుతుంటే, ఆమె ముళ్ళ కింద నుంచే దూరింది. ఒళ్ళంతా గీరుకుపోయినా ఆగలేదు.

"తాతా! పాలకంకి! నా మాట మార్చు!" అంటూ కొత్త మాట అతని చెవిలో చెప్పి లోపలికి దూకింది. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు మాటలు కలిపి చెప్పిందట. అవేమిటో నన్నడక్కండి, నాకూ చెప్పలేదు.

రాయి మూసుకుందో లేదో, నక్క వచ్చి పడింది.

"పాలకంకి!"

"తప్పు."

"పాలకంకే!"

"తప్పు."

"పాలకంకి అంటున్నానా!"

"తప్పు. రేపు రా నాయనా."

నక్క తోక ముడిచింది. లోపల కోమలి పిల్లల్ని పొదువుకుని భోరుమంది.

"తాతా, ఇక ఆ పేరు ఎక్కడ పలకను?"

"ఇన్నాళ్ళూ నా చెవిలో దొంగచాటుగా అన్నావు తల్లీ. ఇక నోరారా పిలుచుకో. ఎవరు విన్నా భయం లేదు."

"పాలకంకీ!" అని పిలిచింది కోమలి. పిల్లలూ గొంతు కలిపారు. కొండంతా వినిపించింది.

నోరారా పిలుచుకునే పేరును తాళం చేయకూడదు. తాళమయ్యే మాట ఎవరి ఊహకూ అందకూడదు.